గుమ్మం పాఠం

అడిగిన ప్రశ్నకు ఠక్కున జవాబు దొరికిందంటే ప్రశ్నలమ్మకు ఆ పూట తిండి సయించదు. జవాబు వెనక ఇంకేదో నక్కి ఉందని ఆమెకు అనుమానం. చిన్నప్పుడు గోడ గడియారం టిక్కు టిక్కుమని ఎందుకంటుందో చూద్దామని విప్పి, అది మళ్ళీ ఎప్పటికీ ఆ మాట అనకుండా చేసిన ఘనురాలు. పెద్దయ్యాక అదే బుద్ధికి జీతమిచ్చే ఆఫీసు ఒకటి దొరికింది. ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగి, జవాబులు టాబ్లెట్‌లోకి ఎక్కించడం ఆమె ఉద్యోగం. అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. వీధిలో పిల్లలు కూడా "ప్రశ్నలమ్మ వస్తోంది" అనే అరుస్తారు.

ఈసారి ఆఫీసు నెత్తికెత్తుకున్న ప్రశ్న పెద్దదే. చాలీచాలని బతుకులవాళ్ళకు పని వెతుక్కోవడంలో, దొరికిన పని నిలబెట్టుకోవడంలో ఒక కోచ్ తోడుంటే నిజంగా మేలు జరుగుతుందా, లేక అదంతా కాలక్షేపం కబుర్లేనా? తేల్చడానికి చీటీలు వేశారు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళలో సగం మందికి కోచ్ దొరికాడు. మిగతా సగానికి ఖాళీలున్న చోట్ల చిరునామాలు దొరికాయి. కొన్నాళ్ళు పోయాక ఎవరు పనిలో ఉన్నారో, ఎవరు మానేశారో చూస్తే తేడా తెలిసిపోతుంది.

దీనికి ఒక షరతు ఉంది. చీటీ వచ్చినవాళ్ళు కోచ్ చెప్పిన మాటలు చీటీ రానివాళ్ళకు చెప్పకూడదు. చెబితే కోచింగ్ ఇద్దరికీ అందినట్టే, ఇక తేడా ఏం కనబడుతుంది? ఈ షరతు రాసింది లెక్కల సారు. ఆఫీసులో చివరి గదిలో తలుపు మూసుకుని కూర్చుని, మనుషుల్ని గీతలుగా, గీతల్ని రిపోర్టులుగా మార్చే పెద్దమనిషి. ఆ షరతు చదివి వినిపించి, అందరిచేతా సంతకాలు పెట్టించింది మాత్రం ప్రశ్నలమ్మే.

కోచ్‌ను అందరూ గుమ్మం మాస్టారు అంటారు. ఆయన ఒక పెద్ద గోడౌనులో సూపర్‌వైజర్‌గా తల నెరిపించుకున్నాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ జనాన్ని పనిలోంచి తీసేసి, రిటైరయ్యాక ఆ లెక్క సరిచేసుకుందామన్నట్టు ఇందులో చేరాడు. సైకిల్ రిపేర్ షాపు పైనున్న గదిలో ఆయన క్లాసు. దరఖాస్తు ఎలా నింపాలి, ఇంటర్వ్యూలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలి వంటివన్నీ చకచకా చెప్పేసి, అసలు పాఠానికి వచ్చేవాడు. ఒకరోజు ప్రశ్నలమ్మ వెనక బెంచీ మీద కూర్చుని ఆ పాఠం విన్నది.

"ఉద్యోగం ఊడేది తప్పు చేసిన రోజున కాదు," అన్నాడాయన. "ఆ మర్నాడు. బస్సు తప్పుతుంది, ఇంట్లో గొడవవుతుంది, ఒక రోజు మానేస్తారు. మర్నాడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలని ఇంకో రోజు మానేస్తారు. ఆ తర్వాత మీకు మీరే మనసులో రాజీనామా ఇచ్చేసుకుంటారు. నేను తీసేశానని ఊరంతా చెప్పుకునే వాళ్ళలో సగం మందిని నేను తియ్యలేదమ్మా. వాళ్ళు తిరిగి రాలేదు, అంతే."

అప్పుడు ఒక్కొక్కరినీ గది బయటికి పంపేవాడు. ఆయన కుర్చీలో సూపర్‌వైజర్‌లా కూర్చునేవాడు. బయటివాళ్ళు తలుపు కొట్టి లోపలికి వచ్చి మూడే ముక్కలు చెప్పాలి. నిన్న రాలేదు. కారణం ఇది. ఇవాళ పని ఎక్కడ మొదలెట్టమంటారు? తల వంచుకుని వస్తే మళ్ళీ బయటికి. కళ్ళనీళ్ళు పెట్టుకున్నా బయటికే.

"కారణం ఒక్క ముక్కలో చెప్పాలి, కథ వద్దు. కథ వింటే వాళ్ళకు జాలేస్తుంది. జాలేసినవాళ్ళను ఇంటికి పంపుతారు గాని పనిలో పెట్టుకోరు. ఇంకో మాట. తిట్టారంటే ప్రాణం లేచొచ్చిందనుకోండి. తీసెయ్యాలనుకున్నవాణ్ణి ఎవరూ తిట్టరు. 'సరేనండీ, వెళ్ళిరండి' అంటారు. మర్యాద చేశారంటే భయపడండి."

క్లాసంతా గొల్లుమంది. ప్రశ్నలమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే, ఇంత చిన్న పాఠం అంత పెద్ద పని చేస్తుందా అని తలగోక్కుంది.

చేస్తుందనే చెప్పాయి లెక్కలు. కోచ్ దొరికినవాళ్ళు పనుల్లో నిలదొక్కుకున్నారు. దొరకనివాళ్ళు చాలామంది జారిపోయారు. లెక్కల సారు మొహం వెలిగిపోయింది. పథకానికి డబ్బులిచ్చే పెద్దలు వారం చివర వస్తున్నారనీ, ఈలోగా రిపోర్టు తయారవ్వాలనీ అందరినీ పరుగులు పెట్టించాడు.

ప్రశ్నలమ్మ మాత్రం తెర మీది గీతల్ని గుచ్చిగుచ్చి చూస్తూ కూర్చుంది. చీటీల్లో కొన్ని ఇళ్ళు రెండుగా చీలాయి. అక్కకు కోచ్ వస్తే చెల్లెలికి రాలేదు, తండ్రికి వస్తే కొడుక్కి రాలేదు. ఒకే కప్పు కింద ఉండేవాళ్ళు ఎంత సంతకం పెట్టినా ఎప్పుడో ఒక మాట జారక మానరు. కాబట్టి ఆ ఇళ్ళలో తేడా తక్కువగా ఉండాలి. చూస్తే ఎక్కువగా ఉంది. కోచ్ దొరికినవాళ్ళు మిగతా ఇళ్ళలో కోచ్ దొరికినవాళ్ళలాగే ఉన్నారు గాని, దొరకనివాళ్ళు మరీ ఘోరంగా జారిపోయారు. కోచ్‌తో ఏ సంబంధమూ లేని పరాయి ఇళ్ళవాళ్ళకన్నా కూడా హీనంగా.

"ఇలా ఎందుకుంది సార్?"

"ఎక్కువుంటే మంచిదేగా!" అన్నాడు లెక్కల సారు. "నీకు తేడా తక్కువొచ్చినా ఏడుపే, ఎక్కువొచ్చినా ఏడుపే. పోయి రిపోర్టు సంగతి చూడు."

ఆమె రిపోర్టు సంగతి చూడలేదు. సంచీ భుజాన తగిలించుకుని, అలా చీలిన ఇళ్ళలో ఒకదానికి బయల్దేరింది.

అది ఇరుకు మేడ. మెట్ల నిండా ఆరీ ఆరని బట్టల వాసన. పై అంతస్తులో రెండు గదుల ఇల్లు, మధ్యలో గోడకు బదులు ఒక ఇనప బీరువా. ఆ ఇంట్లో అత్తగారూ, ఇద్దరు కోడళ్ళూ, చిన్నకోడలి పసికూనా ఉంటారు. ఆవిడ కొడుకులిద్దరూ ఒకే లారీ మీద తిరుగుతారు కాబట్టి ఇంటికి వచ్చేదాకా వచ్చినట్టు కాదు. పెద్దకోడలికి చీటీ వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనిలో కుదురుకుంది. చిన్నకోడలికి రాలేదు. ఇచ్చిన చిరునామాలు పట్టుకుని తిరిగి తిరిగి బ్రెడ్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని తనే సంపాదించుకుంది.

ప్రశ్నలమ్మ వెళ్ళేసరికి పెద్దకోడలు షిఫ్టు ముగించుకుని వచ్చి, ఇంట్లో బట్టలు కూడా ఆసుపత్రి పద్ధతిలో మూలకు మూల కలిపి మడతపెడుతోంది. చిన్నకోడలు గోడకు జారగిలబడి ఉంది. ఫ్యాక్టరీవాళ్ళిచ్చిన తెల్లటోపీ ఆమె తల మీద ఉండాల్సిన వేళ మేకుకు వేలాడుతోంది.

"ఇవాళ పనికి వెళ్ళలేదా అమ్మా?" అని అడిగింది ప్రశ్నలమ్మ.

"లేదు."

"నిన్న?"

"నిన్నా లేదు, మొన్నా లేదు," అని అత్తగారు అందుకుంది. "పిల్లకు జ్వరమమ్మా. దాని జ్వరం నిన్ననే దిగింది, చూడండి ఎలా గంతులేస్తోందో. ఇప్పుడు వాళ్ళమ్మకు పట్టుకుంది."

"నాకేం జ్వరం లేదత్తయ్యా."

"అదే నేనూ అంటున్నాను. లేని జ్వరానికి మందెక్కడ తేను?"

చిన్నకోడలు మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. "మానేస్తున్నట్టు ఫోన్ చెయ్యలేదు మేడమ్. సూపర్‌వైజర్ చేస్తే ఎత్తలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? నా పక్కన పనిచేసే ఆమె కబురు పంపింది. రేపు పొద్దున కనబడకపోతే నా చోట్లో ఇంకొకరిని పెట్టుకుంటారంట. పెట్టుకోనివ్వండి."

పెట్టుకోనివ్వండి అంటూనే మేకుకున్న టోపీ వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె చేతికొచ్చిన మొదటి పని అది. వేడివేడి బ్రెడ్ వాసన ఒంటికి పట్టించుకుని ఇంటికొస్తే కూతురు మెడ పట్టుకుని వదిలేది కాదు. ఇప్పుడు ఆ పని ఒక్క రాత్రి దూరంలో చెయ్యి జారిపోతోంది.

గుమ్మం మాస్టారు చెప్పిన మర్నాడు అచ్చంగా ఇదే. ఆ పాఠం నోటికొచ్చిన మనిషి చేతికందే దూరంలో కూర్చుని దుప్పటి మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెడుతోంది.

"మీరేమీ చెప్పలేదా?" అని పెద్దకోడల్ని అడిగింది.

ఆ ప్రశ్నకు పెద్దకోడలు దొంగతనం అంటగట్టినట్టు ఉలిక్కిపడింది. "ఒట్టు మేడమ్! ఒక్క ముక్క చెప్పలేదు. కావాలంటే దాన్నే అడగండి. మీ కాగితం మీద సంతకం పెట్టిన రోజునుంచీ నేను పని మాట ఎత్తితే ఒట్టు."

"అది నిజమే," అంది అత్తగారు. "ఇదివరకు దీని నోరు ఒక్క క్షణం మూతపడితే ఒంట్లో బాగోలేదేమోనని చెయ్యి పట్టుకు చూసేదాన్ని. ఇప్పుడు పనినుంచి వస్తుంది, తింటుంది, గోడవైపు తిరిగి పడుకుంటుంది. మీరేం సంతకం పెట్టించారో గాని తల్లీ, ఇల్లు ఆసుపత్రి అయిపోయింది."

"పని మాటే ఎత్తలేదా? కోచ్ చెప్పినవి చెప్పొద్దన్నాం గాని..."

"ఏది ఆయన చెప్పిందో, ఏది నాకు ముందే తెలుసో ఎలా తేల్చుకోను మేడమ్?" పెద్దకోడలు దుప్పటి పక్కన పడేసింది. "ఒకసారి ఇదొచ్చి, అక్కా, లైన్‌లో ఒకామె నన్ను ఊరికే తోస్తోంది, ఏమనాలి అని అడిగింది. ఏమనాలో నాకు తెలుసు. మా అమ్మ చెప్పిందా, ఆయన చెప్పాడా అన్నది గుర్తురాలేదు. తప్పు చేస్తానేమోనని నాకు తెలీదన్నాను. అక్కణ్ణుంచి అన్నిటికీ అదే మాట. తెలీదు, తెలీదు, తెలీదు. చెబితే నా కోచ్‌ను తీసేస్తారని భయం. ఆయన లేకపోతే నేను ఆ లాండ్రీలో మొదటి నెలే చేతులెత్తేసేదాన్ని."

చిన్నకోడలు తల ఎత్తింది. ఆమె కళ్ళల్లో అప్పటిదాకా ఆపుకున్న నీళ్ళు తిరిగాయి.

"ఈ ఇంటికొచ్చిన కొత్తలో నాకు ఒంటరిగా బస్సెక్కడం కూడా రాదు మేడమ్. అక్కే నేర్పింది. ఎవరైనా కసురుకుంటే ఎలా నిలబడాలో, బ్యాంకులో ఏమడగాలో అన్నీ అక్కే చెప్పేది. చీటీలో నాకు కోచ్ రాలేదు. సరే, నా రాత అనుకున్నాను. నాకున్న అక్కను కూడా మీరే తీసుకుపోయారు."

పసిది బీరువా తలుపును చేత్తో కొడుతూ ఆ మోతకు మురిసిపోతోంది.

వెతుక్కుంటూ వచ్చిన జవాబు దొరికినా, ప్రశ్నలమ్మకు సంతోషం కలగలేదు. ఈ ఇంట్లో కోచింగ్ లేకముందు కూడా ఒక కోచ్ ఉండేది. జీతమూ చీటీ లేని కోచ్. ఒకరికి కొత్తగా ఇచ్చిన దాన్ని కొలుస్తున్నాననుకుంటూ, ఇంకొకరి దగ్గర్నుంచి లాక్కున్న దాన్ని కూడా తనే కొలిచి, రెండూ కలిపి కోచింగ్ గొప్పదనం కింద జమవేసింది. గోడ గడియారం మళ్ళీ విప్పేశాను అనుకుంది. సిగ్గేసింది.

"మేడమ్," అంది పెద్దకోడలు మెల్లగా. "ఇప్పుడు చెబితే నన్ను కోచింగ్‌లోంచి తీసేస్తారా?"

తీసెయ్యాలనే ఉంది షరతులో. ఇప్పుడు ఈవిడ నోరు విప్పితే ఈ ఇంటి లెక్క పనికిరాదు. ఇలాంటి ఇళ్ళన్నీ తీసేస్తే లెక్కల సారు గీత సగానికి కుంగుతుంది. విప్పకపోతే రేపు పొద్దున ఆ టోపీ ఇంకొకరి తల మీదికి వెళ్తుంది. లెక్క మాత్రం ముచ్చటగా ఉంటుంది.

"చెప్పండి," అంది ప్రశ్నలమ్మ. "మిమ్మల్ని ఎవరూ తియ్యరు. తియ్యాల్సివస్తే నన్ను తీస్తారు."

"మీరే అన్నారు. అత్తయ్యా, మీరు సాక్షి!"

అంతే, ఇన్నాళ్ళు బిగబట్టిన మాటలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. పెద్దకోడలు చెంగున లేచి తోటికోడల్ని రెక్కపట్టుకుని లేపింది. "లేవవే! ఆ కళ్ళు తుడుచుకో. బయటికెళ్ళి మెట్ల దగ్గర నిలబడు. తలుపు కొట్టి లోపలికి రా. మూడే ముక్కలు. ఇన్నిరోజులు రాలేదు. పిల్లకు జ్వరం. ఇవాళ పని ఎక్కడ మొదలెట్టమంటారు? ఇంకొక్క ముక్క ఎక్కువొచ్చిందో, నీ వీపు విమానం మోత మోగిస్తాను. మేడమ్, మీరు కుర్చీలో కూర్చోండి. మీరే సూపర్‌వైజర్."

తలుపు చప్పుడైంది. చిన్నకోడలు తల నేలకేసి వచ్చింది. "సార్, అసలేమైందంటే, మా ఆయన ఊళ్ళో లేడు, పిల్లకేమో ఒళ్ళు కాలిపోతోంది, మా అత్తయ్యకేమో మోకాళ్ళు..."

"బయటికి!" అంది పెద్దకోడలు.

"నా మోకాళ్ళు ఎందుకే మధ్యలో?" అంది అత్తగారు.

రెండోసారి తల ఎత్తింది గాని మూడో ముక్క మరిచిపోయింది. ఆ తర్వాత మూడూ చెప్పింది గాని గొంతు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ప్రశ్నలమ్మకు కుతూహలం ఆగలేదు. కుర్చీలో ముందుకు వంగి, "ఫోన్ చేస్తే ఎందుకెత్తలేదు?" అని అడిగేసింది. చిన్నకోడలు కొయ్యబారిపోయింది. పాఠంలో లేని ప్రశ్న అది.

"భయమేసింది," అంది చివరికి.

"శభాష్!" పెద్దకోడలు చప్పట్లు కొట్టింది. "అది కూడా ఒక్క ముక్కే. అలాగే చెప్పు. ఇంకేమీ కలపకు."

"ఆ కుర్చీ ఇటివ్వండమ్మా," అని అత్తగారు లేచి వచ్చింది. "మీకు తిట్టడం రాదు. రేపు వాడు తిడితే ఇది తట్టుకోవాలా వద్దా? నా దగ్గర బాగా అలవాటవుతుంది." అని కుర్చీలో కూర్చుని, కోడలు లోపలికి అడుగుపెట్టీ పెట్టగానే కడిగిపారేసింది. నీకు బాధ్యత ఉందా, ఇది ఫ్యాక్టరీ అనుకున్నావా పుట్టిల్లనుకున్నావా, అని ఆవిడ రాగం తీస్తుంటే చిన్నకోడలు తల దించకుండా నిలబడి, మధ్యలో ఆపుకోలేక పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని చాలా రోజులైనట్టుంది. పసిది కూడా ఆట మానేసి తల్లి వైపు చూసింది.

"తిట్టారంటే పనిలో ఉంచుకున్నట్టే," అని పెద్దకోడలు ఆఖరి పాఠం చెప్పింది. "మర్యాదగా మాట్లాడితేనే భయపడు."

ఇంతలో ప్రశ్నలమ్మ ఫోన్ మోగింది. లెక్కల సారు. ఆమె మోగనిచ్చింది. మెట్లు దిగాక వీధిలో మళ్ళీ మోగింది. అప్పుడూ ఎత్తలేదు. ఏం చెబుతుంది? ఫోన్‌ను సంచీలో అడుగున తోసి, రేపు చూసుకుందాంలే అనుకుంది.

మర్నాడు పొద్దున ఆమె కాళ్ళు ఆఫీసు వైపు నడవలేదు. బ్రెడ్ ఫ్యాక్టరీ ఎదురుగా బస్టాపులో తేలింది. చూడటానికి వచ్చానని తనకు తాను చెప్పుకుంది. పాఠం పనిచేస్తుందా లేదా? అక్కడ షెడ్డు స్తంభం చాటున ఒక మనిషి నక్కి ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే పెద్దకోడలు.

"మీరేంటిక్కడ? మీ షిఫ్టు?"

"ష్! అది చూస్తుంది. నేను వస్తున్నట్టు దానికి చెప్పలేదు."

చిన్నకోడలు అవతలి పక్క నుంచి వచ్చింది. గేటు దాకా చురుగ్గానే నడిచి, అక్కడ ఆగిపోయింది. పనివాళ్ళు ఆమెను దాటుకుంటూ లోపలికి వెళ్ళిపోతున్నారు. సంచీలోంచి టోపీ తీసింది, మళ్ళీ లోపల పెట్టింది. ఒకడుగు వెనక్కి వేసింది. పెద్దకోడలు ప్రశ్నలమ్మ మణికట్టు పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు విరిగినంత పనైంది.

"పిలవనా మేడమ్?"

"వద్దు, ఉండండి."

చిన్నకోడలు పెదవులు కదిలాయి. మూడు ముక్కలు వల్లెవేసుకుంటోందని ఇద్దరికీ తెలుస్తూనే ఉంది. తర్వాత గేటులోంచి లోపలికి వెళ్ళిపోయింది.

ఇక నిరీక్షణ మొదలైంది. పంపేసేదైతే వెంటనే బయటికొస్తుంది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఈవిడ వెళ్ళింది కోచ్ పాఠం వల్లనా, అత్తగారి తిట్ల వల్లనా, లేక అక్క మళ్ళీ నోరు విప్పినందువల్లనా అని ప్రశ్నలమ్మ మనసులోనే విడదీసి చూడబోయింది. ఏ పోగు లాగినా మిగతావి కూడా వెంట వస్తున్నాయి. పక్కనున్న మనిషి మాత్రం గేటు వంకే చూస్తోంది.

గేటు తెరుచుకుంది. చిన్నకోడలు బయటికి వచ్చింది. పెద్దకోడలి మొహం పాలిపోయింది.

అయితే ఆ తల మీద తెల్లటోపీ ఉంది. ఆమె రోడ్డు అవతలికి చూసి, స్తంభం చాటు నుంచి పొడుచుకొచ్చిన భుజాన్ని ఇట్టే గుర్తుపట్టి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టి అరిచింది.

"అక్కా! తిట్టాడే! బాగా తిట్టాడు! ఇంకా తిడతానంటున్నాడు, నేను వెళ్ళాలి. నువ్విక్కడే ఉంటావని నాకు తెలుసులే. నీ పనికి నువ్వు పోవే, ఆలస్యమైపోతోంది!"

పెద్దకోడలు అక్కడే బస్టాపు బెంచీ మీద కూలబడి ఏడ్చేసింది. ఏడుస్తూ నవ్వింది. బెంచీ మీదివాళ్ళు ఏమైందో తెలియక జరిగి చోటిచ్చారు. అంతలో ఆమెకు స్పృహ వచ్చింది. "అయ్యో, నా షిఫ్టు! ఎప్పుడో మొదలైపోయుంటుంది. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా ఆలస్యంగా వెళ్ళలేదు మేడమ్. బుర్ర పనిచెయ్యడం లేదు. ఇప్పుడు నేనేం చెప్పాలి?"

"ఆలస్యమైంది. చెల్లెలికి తోడు వెళ్ళాను. పని ఎక్కడ మొదలెట్టమంటారు?" అని ప్రశ్నలమ్మ తడుముకోకుండా అప్పజెప్పింది.

పెద్దకోడలు కళ్ళు తుడుచుకుంటూ ఆమెను ఎగాదిగా చూసింది. "మీకు కూడా వచ్చేసిందే! మీకు చీటీ రాలేదుగా. ఎవరితోనూ అనకండి మరి." అని కిసుక్కున నవ్వి, కదులుతున్న బస్సును పరుగెత్తి పట్టుకుంది.

ప్రశ్నలమ్మ సంచీ అడుగునుంచి ఫోన్ తీసింది. లెక్కల సారు పేరు తెర నిండా బారులు తీరి ఉంది. వాటిని చూస్తూ చాలాసేపు నిలబడింది. ఇవాళ ఒంట్లో బాగోలేదని ఒక మెసేజ్ పెట్టేస్తే రేపటికి ఏదో ఒకటి తోస్తుంది కదా అనిపించింది. వేళ్ళు ఆ ముక్క సగం టైపు కూడా చేశాయి. అప్పుడు తను ఏం చేస్తోందో తనకే తెలిసొచ్చి, ఆ సగం ముక్కను చెరిపేసింది.

చివరి గది తలుపు ఎప్పటిలాగే మూసి ఉంది. ఆమె తలుపు కొట్టింది. లోపలికి వెళ్ళింది. కూర్చోలేదు. తల వంచకుండా ఉండటం అనుకున్నంత తేలిక కాదని అప్పుడు తెలిసింది.

"నిన్న నేను షరతు తప్పాను సార్. చీలిన ఇళ్ళలో తేడా కోచింగ్‌ది మాత్రమే కాదు, సగం మన షరతుది. దానివల్ల ఇంట్లోవాళ్ళు ఒకరికొకరు చెప్పుకోవడం మానేశారు. ఈ లెక్క మళ్ళీ ఎక్కడ మొదలెట్టమంటారు?"

లెక్కల సారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్క క్షణం ఆయన మొహం చల్లగా, ఎంతో మర్యాదగా కనబడింది. ఆ మర్యాద ఎంతసేపుంటుందో తెలియక ప్రశ్నలమ్మ గుమ్మం వైపు ఓరగా చూసింది.

"నీకసలు బుద్ధుందా?" అని ఆయన కుర్చీలోంచి లేచాడు. "వారం చివర పెద్దలొస్తున్నారు! ఎన్నాళ్ళ కష్టం! ఫోన్ చేస్తే ఎత్తవు! కోచింగ్ పనిచేస్తుందా అని అడిగితే ఇప్పుడు నేనేం చెప్పాలి? ఎందుకెత్తలేదు ఫోను?"

"భయమేసింది సార్," అంది ప్రశ్నలమ్మ.

ఆయన తిట్లు గోడలు దాటి బయట గదిలోకి వినబడుతున్నాయి. గుమాస్తాలు తలలెత్తి చూశారు. ఆమె కదలకుండా నిలబడి, ప్రాణం లేచొచ్చినట్టు ఒక్కో తిట్టునూ వింటోంది.